డిస్కం లాభం సరే, ఏ డబ్బు మీద లాభం?

ప్రశ్న: మాది చిన్న పిండి మర. నాన్నగారు అప్పు చేసి పెట్టారు. నెల కిందట విద్యుత్ నియంత్రణ కమిషన్ (ఈఆర్సీ) కరెంటు చార్జీలు పెంచింది. డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) లాభాలు, గెస్ట్‌హౌస్ ఖర్చులు మా నెత్తిన రుద్దుతున్నారు. పిండి మరల వాళ్ళమంతా పెరిగిన మేరకు బిల్లు ఆపేసి సివిల్ కోర్టుకు వెళ్దామనుకుంటున్నాం. గెలుస్తామా?

జవాబు: ఈ దారిలో గెలవరు. మీ ఉత్తరంలో నాన్నగారి అప్పు ఉంది, గెస్ట్‌హౌస్ ఉంది, ఉత్తర్వు తేదీ మాత్రం లేదు. ముందు అది చూడండి. విద్యుత్ చట్టం, 2003లోని 111వ సెక్షన్ కింద, కమిషన్ ఉత్తర్వుల మీద అప్పీళ్ళు వినే అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్ళడానికి ఉత్తర్వు ప్రతి అందినప్పటి నుంచి 45 రోజులే గడువు. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ, కమిషన్ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తున్న ఉత్తర్వు మాకు అందలేదంటే నిలవడం కష్టం. మీ చేతిలో ఉన్నది రెండు వారాలే అనుకోండి.

డిస్కంకు లాభం రావడం తప్పు కాదు. పెట్టిన పెట్టుబడికి సహేతుకమైన రాబడిని టారిఫ్‌లో (కరెంటు రేటులో) లెక్కగట్టి ఇస్తారు. మీ కేసును తేల్చేది ఒక్కటే: ఆ రాబడిని ఏ డబ్బు మీద లెక్కగట్టారు? కనెక్షన్ తీసుకున్నప్పుడు స్తంభాలకు, లైనుకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు మీరే డబ్బు కట్టి ఉంటే, ఆ మేరకు అది కంపెనీ పెట్టుబడి కాదు. దాని మీద రాబడి, తరుగుదల ఇవ్వకూడదు. ఇచ్చారంటే ఒకే ట్రాన్స్‌ఫార్మర్‌కు మీ చేత రెండుసార్లు కట్టించినట్టు. డిస్కం వేసిన ఏఆర్ఆర్ (ఏడాదికి తనకు కావాల్సిన మొత్తం ఆదాయం లెక్క) పట్టికల్లో వినియోగదారులు కట్టిన వాటా, గ్రాంట్ల లెక్క వెతకండి. మీ పాత రసీదు పక్కన పెట్టుకుని చూడండి. ఆస్తుల మొత్తం ఏటా పెరుగుతూ, ఈ అంకె మాత్రం కదలకుండా ఉంటే మీరు అడగాల్సిన ప్రశ్న అక్కడే ఉంది.

గెస్ట్‌హౌస్ ఖర్చును కమిషన్ అసలు ఒప్పుకుందో లేదో మీరు చూడనే లేదు. డిస్కం అడిగింది వేరు, కమిషన్ ఇచ్చింది వేరు. పేపర్లో చదివిన వార్త సాక్ష్యం కాదు.

బిల్లు ఆపడం మాత్రం వద్దే వద్దు. 56వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసిచ్చి కనెక్షన్ తీసేస్తారు, మర ఆగిపోతుంది. అభ్యంతరంతో చెల్లిస్తున్నట్టు రాసిచ్చి మొత్తం కట్టండి. ఈఆర్సీ నిర్ణయించిన రేటును సివిల్ కోర్టు తిరగదోడదు. వినియోగదారుల ఫోరం కూడా బిల్లులో తప్పు సరిచేస్తుందే గానీ రేటు మార్చదు.

ఒక మాట కోపంగానే చెప్తాను. 64వ సెక్షన్ ప్రకారం టారిఫ్ దరఖాస్తును ప్రకటించాలి, ప్రజల అభ్యంతరాలు పరిశీలించాకే కమిషన్ ఉత్తర్వు ఇవ్వాలి. అప్పుడు మీలో ఒక్కరైనా అభ్యంతరం రాసినట్టు ఉత్తరంలో లేదు. రాయకపోతే అది మీ నిర్లక్ష్యమే. కమిషన్ ముందు లేని కాగితాన్ని అప్పీల్లో కొత్తగా పెట్టడం చాలా కష్టం.

ఈ వారమే ఉత్తర్వు డౌన్‌లోడ్ చేసి లాయరుకు చూపించండి. లెక్కలో పైకి కనిపించే తప్పుంటే కమిషన్ ముందే రివ్యూ పిటిషన్ వేయవచ్చు, కానీ దానివల్ల అప్పీలు గడువు ఆగుతుందనుకోవద్దు. లేదంటే, ఈ ఏడాది అసలు ఖర్చులు తేలాక అంచనాకూ అసలు ఖర్చుకూ ఉన్న తేడాను సర్దమని డిస్కం ట్రూ అప్ పిటిషన్ వేస్తుంది. అప్పుడు ఎవరి రసీదు వారు జతచేసి అభ్యంతరం రాయండి, బహిరంగ విచారణకు వెళ్ళి చదివి వినిపించండి. కమిషన్ ఆఫీసులో ఇచ్చిన కాగితం మీద తేదీతో ముద్ర వేయించుకుని ఒక ప్రతి దగ్గర ఉంచుకోండి.