నల్లమల నడకకి వెళ్తున్న మా మేనల్లుడికి

ఒరేయ్ చిన్నోడా,

ఈసారి శివరాత్రికి ఫ్రెండ్స్‌తో కలిసి వెంకటాపురం నుంచి శ్రీశైలానికి నడిచి వెళ్తున్నావని అక్క చెప్పింది, చాలా సంతోషం రా. నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాస ద్వారం, ఆ దారంతా భక్తులుంటారు కాబట్టి దారి మీద ఉన్నంతసేపూ నాకు బెంగ లేదు. షార్ట్‌కట్ అనో ఫోటోల కోసమనో పక్కకి పోయి తప్పిపోతేనే కష్టం, అందుకే ఇదంతా రాస్తున్నా.

దారి తప్పామని తెలిసిన మొదటి పావుగంటే అసలు గండం. గుండె దడదడలాడుతుంది, నోరెండిపోతుంది, ఎటో ఒకటు గబగబా నడిచేయాలనిపిస్తుంది, ఆ కంగారులోనే జనం ఇంకా లోపలికి పోతారు. అప్పుడు కూర్చో. నిజంగానే కింద కూర్చో, బ్యాగ్ దించు, బూట్ల లేసులు విప్పి నిదానంగా మళ్ళీ కట్టుకో, నీళ్ళు తాగు, మెల్లగా ఊపిరి పీల్చి అంతకంటే మెల్లగా వదులు. లేసు ముడి వేసేటప్పుడు వేళ్ళు వణుకుతున్నాయంటే ఇంకా టైం కాలేదన్నమాట, ఏ నిర్ణయమూ తీసుకోకు.

2018లో థాయ్‌లాండ్ గుహలో 12 మంది ఫుట్‌బాల్ పిల్లలు, వాళ్ళ కోచ్ వరదకి చిక్కుకుపోయారు గుర్తుందా, డైవర్లు వాళ్ళని కనిపెట్టేసరికి 9 రోజులైంది. తిండి లేదు, గోడల నుంచి కారే నీళ్ళే తాగారు, ఒకప్పుడు బౌద్ధ సన్యాసిగా ఉన్న ఆ కోచ్ పిల్లలతో ధ్యానం చేయించాడు. అందరూ ప్రాణాలతో బయటికొచ్చారు.

ఇంకోటి, "నువ్వే ఇటు తీసుకొచ్చావ్" అని ఒకళ్ళనొకళ్ళు అనుకోవద్దు, దానివల్ల మనసులు విరిగి తలో దిక్కూ పోతారు. అందరూ ఒకేచోట ఉండండి. కూర్చున్న చోట చెట్టుకి రంగు తువ్వాలు కట్టి, ఖచ్చితంగా దారి మీదే ఉన్నామని గుర్తున్న ఆఖరి చోటు ఏదో ఆలోచించండి, మీ అడుగుజాడలు కనిపిస్తే వాటి వెంటే వెనక్కి రండి. కనిపించకపోతే కదలొద్దు, వెతికేవాళ్ళకి ఒకచోట ఉన్న మనిషి త్వరగా దొరుకుతాడు. విజిల్ మూడుసార్లు ఊది ఆగి వినండి, మళ్ళీ మూడుసార్లు.

ఫోన్‌లో సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, లొకేషన్ నంబర్లు మెసేజ్‌లో టైప్ చేసి పంపు, కాల్ కలవని చోట కూడా ఒక్కోసారి మెసేజ్ పోతుంది. 112కి కూడా ట్రై చెయ్, మీ సిమ్‌కి టవర్ లేకపోయినా పక్క కంపెనీ టవర్ ఉంటే కలుస్తుంది. ఆ తర్వాత బ్యాటరీ దాచుకో.

నీళ్ళు దాహమైతే తాగాలి, దాచుకుని బాటిల్ చంకలో పెట్టుకుని సొమ్మసిల్లితే ఏం లాభం. తగ్గించాల్సింది చెమట, ఎండపూట నీడన ఉండండి. చీకటి పడ్డాక మాత్రం అస్సలు నడవొద్దు రా, ఎలుగుబంట్లు తిరిగే వేళ అది, నీటి గుంటల దగ్గర కూడా పడుకోవద్దు. ఆ సీజన్లో ఆకులన్నీ ఎండిపోయి ఉంటాయి, మంట వేయొద్దు, టార్చ్ చాలు.

బయల్దేరే రోజు ఏ దారిన వెళ్తున్నారో, శ్రీశైలం ఎన్నింటికి చేరతారో అమ్మకి రాసిచ్చి వెళ్ళు. విజిల్ నేను పంపిస్తున్నా, మెడలోనే వేసుకో, బ్యాగ్ అడుగున పడేయకు.

మీ మావయ్య