గేదెకు వేసిన సూది రాబందుకు తగిలింది

ప్రశ్న: మా చిన్నప్పుడు చచ్చిన గొడ్డును ఊరవతల పడేస్తే సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. ఇప్పుడు కుక్కలు పీక్కుతింటున్నాయి. రాబందులు పోవడానికి కారణం సెల్ టవర్లా, తిండి దొరక్కపోవడమా?
– ఒక పాఠకుడు, ఆసిఫాబాద్

జవాబు: రెండూ కాదు. పిచ్చుక కనిపించకపోయినా, కొబ్బరి కాయకపోయినా నింద సెల్ టవర్ మీదికే పోతుంది గానీ, మన దేశంలో మొదటి మొబైల్ కాల్ వెళ్లింది 1995లో. రాబందులు అప్పటికే రాలిపోతున్నాయి. 1992 నుంచి 2007 లోపు తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గాయి. తిండికీ కొదవ లేదు, కళేబరాలు కుళ్లుతూ పడే ఉన్నాయి.

అసలు కారణం డైక్లోఫెనాక్. పశువులకు నొప్పికి, జ్వరానికి వేసే చవక సూదిమందు. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి చూసిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో ఈ సంగతి బయటపెట్టింది. కాలేయం మీద, గుండె మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. అది యూరిక్ ఆమ్లం. పక్షులు మూత్రపిండాల ద్వారా దాన్నే విసర్జిస్తాయి. డైక్లోఫెనాక్‌తో రాబందు మూత్రపిండాలు పనిచేయడం మానేస్తాయి, ఆమ్లం లోపలే గడ్డకట్టి పక్షి రోజుల్లోనే చస్తుంది.

సూది పడ్డాక రెండు మూడు రోజుల్లో చనిపోయిన పశువు మాంసమే ప్రమాదం. ఆ తర్వాత మందు ఒంట్లోంచి చాలావరకు పోతుంది. అయితే ఒక కళేబరం మీద పదుల సంఖ్యలో రాబందులు వాలతాయి. అందుకే వెయ్యి కళేబరాల్లో 8 విషమైతే చాలు, జాతి మొత్తం కుప్పకూలడానికి. జంట ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు, పిల్ల ఈడుకు రావడానికి నాలుగైదేళ్లు. పోయినంత వేగంగా తిరిగి రావు.

ప్రశ్న: డైక్లోఫెనాక్‌ను నిషేధించారు కదా. మరి గేదెకు జ్వరమొస్తే ఏం వేయించాలి?
– ఒక పాడిరైతు, కాగజ్‌నగర్

జవాబు: పశువుల డైక్లోఫెనాక్ తయారీని 2006లో ఆపించారు. అయినా మనుషుల కోసం చేసిన 30 మి.లీ. సీసాలు గొడ్ల సంచుల్లోకి చేరాయి. 2015లో ఆ పెద్ద సీసాలనూ ఆపి, 3 మి.లీ. ఒక్క మోతాదు ప్యాకింగే ఉంచారు. 400 కిలోల గేదెకు అలాంటివి ఐదారు విరవాలి, గిట్టుబాటు కాదు. ఆలోచన మంచిదే, కానీ ఈలోగా వేరే మందులు చోటు చేసుకున్నాయి. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. దాన్నీ కీటోప్రోఫెన్‌నూ 2023లో, నిమెసులైడ్‌ను 2024 డిసెంబరు చివర్లో పశువులకు నిషేధించారు. కాబట్టి బ్రాండు పేరు చూసి ఊరుకోకుండా లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి.

రాబందులకు హాని చేయనివిగా పరీక్షల్లో తేలినవి మెలాక్సికామ్, టోల్ఫెనామిక్ యాసిడ్. మెలాక్సికామ్ మోతాదు కిలో బరువుకు అర మిల్లీగ్రాము. అంటే 400 కిలోల గేదెకు 200 మి.గ్రా. సీసా మీద మి.లీ.కి 5 మి.గ్రా. అని ఉంటే 40 మి.లీ. అవుతుంది, 20 మి.గ్రా. అని ఉంటే 10 మి.లీ. చాలు. చాలామంది తడబడేది ఇక్కడే. పలచటి మందును 10 మి.లీ. వేసి, 'ఇది పనిచేయదు, పాతదే నయం' అంటారు. ఎక్కువ మి.లీ. అయితే ఒకే చోట పొడవకూడదు. పశువైద్యుడి చేత వేయించండి, పాలు ఎన్నాళ్లు వాడకూడదో ఆయన్నే అడగండి. గోపాలమిత్ర వస్తే ఏ మందు వేశాడో, ఏ తారీఖున వేశాడో కాగితం మీద రాయించుకోండి. రేపు ఆ పశువు చనిపోతే ఏం చేయాలో తేల్చేది ఆ కాగితమే.

ప్రశ్న: బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు కట్టాయని విన్నాం. చచ్చిన పశువులను అక్కడ వేయొచ్చా?
– యువజన సంఘం సభ్యులు, సిర్పూర్

జవాబు: మీకై మీరు వేయకండి. ముందు అటవీ సిబ్బందిని అడగాలి. చివరి రోజుల్లో ఏ సూదీ పడలేదని యజమాని కచ్చితంగా చెప్పిన పశువైతేనే పనికొస్తుంది. మందు పడిందో లేదో తెలియకపోతే నిలువెత్తు గుంట తీసి, సున్నం చల్లి పూడ్చండి. దూడను చంపిందని పులి మీద కోపంతో ఆ కళేబరం మీద పురుగుమందు చల్లేవాళ్లుంటే ఆపండి, ఒక్క పూటలో గుంపు మొత్తం పోతుంది.

గుట్ట కింద కాపలా కాస్తే సరిపోదు. రాబందు తిండి కోసం వంద కిలోమీటర్లు తిరుగుతుంది, అందుకే వాటికి రక్షిత ప్రాంతం గీసేటప్పుడు సుమారు 100 కి.మీ. వ్యాసార్థం తీసుకుంటారు. గుట్టకు పోయే బదులు మీ మండలంలోని మందుల దుకాణాలు తిరిగి, పశువులకు ఏ నొప్పి మందు అమ్ముతున్నారో అడగండి. నిషేధించినవి కనిపిస్తే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు.