తిండి ఖర్చు సరే, ఎవరితో కూర్చుని తింటున్నావు?

ప్రశ్న: మాస్టర్స్ కోసం ఈమధ్యే జర్మనీ వచ్చాను అక్కా. వీసా కోసం ముందే డబ్బు వేసి పెట్టిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి 992 యూరోలు వస్తున్నాయి. రెంటు, ఇన్సూరెన్స్ పోగా మిగిలేది తక్కువే. అందుకే రోజూ గదిలోనే వండుకుంటున్నాను. క్లాస్‌మేట్స్ బయటికి పిలిస్తే ఖర్చుకి భయపడి వెళ్ళడం లేదు. పైగా నేను మందు తాగను. మంచి తిండి తింటూ, అప్పుడప్పుడూ బయటికి వెళ్తూ ఈ డబ్బుతో నెట్టుకురావచ్చా?

జవాబు: నిశ్చింతగా నెట్టుకురావచ్చు తమ్ముడూ. ఇంతకన్నా తక్కువ డబ్బుతో, చెప్పేవాళ్ళు కూడా లేని రోజుల్లో మేం నెగ్గుకొచ్చాం. నీకు అడగడానికి ఒక అక్కయినా ఉంది. అయితే నీ ప్రశ్నలో లెక్కలకన్నా ‘పిలిస్తే వెళ్ళడం లేదు’ అన్న ముక్క నన్ను ఎక్కువ కలవరపెట్టింది. కాబట్టి ముందు దాని సంగతి చెప్తాను. బ్లాక్డ్ అకౌంట్ రూల్సు, పార్ట్‌టైమ్ పని గంటలు వగైరా నువ్వే అధికారిక సైట్లలో చూసుకో, ఏటా మారుతుంటాయి.

నేను మొదట దిగింది మ్యూనిక్‌లో. తెచ్చుకున్న సూట్‌కేసుల్లో ఒకటి పూర్తిగా పచ్చళ్ళు, పొడులు, కందిపప్పే. ఏ వస్తువు చూసినా దాని ధరని రూపాయల్లోకి మార్చి, గుండెలు బాదుకుని, మళ్ళీ షెల్ఫులో పెట్టేసేదాన్ని. డిపార్ట్‌మెంట్ వాళ్ళు పదకొండున్నరకే మెన్సాకి, అంటే యూనివర్సిటీ క్యాంటీన్‌కి బయల్దేరుతూ నా తలుపు తట్టేవాళ్ళు. ‘బాక్సు తెచ్చుకున్నాను’ అనేదాన్ని. ఇక్కడివాళ్ళతో ఒక ఇబ్బంది ఉంది. మనవాళ్ళలా ‘అదేం కుదరదు, రావాల్సిందే’ అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళరు. వద్దన్నామంటే నిజంగా వద్దనే అనుకుంటారు. బలవంతపెట్టడం అమర్యాదని వాళ్ళ నమ్మకం. కొన్నాళ్ళకి నా తలుపు తట్టడం మానేశారు.

నవంబర్ వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నరకే చీకటి. గదికి రావడం, అన్నం పెట్టుకోవడం, ఆవకాయ కలుపుకుని లాప్‌టాప్ ముందు కూర్చోవడం. శని, ఆదివారాలు ఒక్క మనిషితో నోరు విప్పకుండా గడిచిపోయేవి. సోమవారం ల్యాబ్‌లో ఎవరైనా పలకరిస్తే గొంతు పెగిలేది కాదు. ఫోన్లో అమ్మ అడిగితే ‘కడుపునిండా తింటున్నా’ అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు, కడుపు నిండేది. డబ్బు కూడా మిగిలింది. ఆ మిగిలిన డబ్బుతో ఆ చలికాలంలో నేను పోగొట్టుకున్నదేదీ తిరిగి రాలేదు. స్నేహాలు కుదిరేది మొదటి సెమిస్టర్‌లోనే. తర్వాత ఎవరి గుంపు వాళ్ళకి ఏర్పడిపోతుంది, మధ్యలో దూరడం చాలా కష్టం.

అందుకని నీకు నా మొదటి మాట, వారంలో మూడు నాలుగు రోజులైనా మధ్యాహ్నం మెన్సాలో తిను. స్టూడెంట్ కార్డు ఉంటే రేటు తక్కువ. బయట కేఫ్‌లో ఒక కపుచినో, ఒక కేకు ముక్క తీసుకునే డబ్బుతో ఇక్కడ ప్లేటు భోజనం వచ్చేస్తుంది. శాకాహారం, వీగన్ రోజూ ఉంటాయి. రుచి మన నాలుకకి చప్పగానే ఉంటుంది, జేబులో చిన్న కారప్పొడి డబ్బా పెట్టుకో, సిగ్గుపడాల్సిన పని లేదు. పక్కనున్నవాళ్ళు ‘అదేంటి’ అని అడుగుతారు. అక్కడినుంచి మాటలు వాటంతటవే నడుస్తాయి.

ఇక బయటికి వెళ్ళడం. నీ భయంలో సగం, బిల్లు ఎవరు కట్టాలన్న దాని గురించే అయి ఉంటుంది. మన దగ్గర పిలిచినవాడు కడతాడు, లేదా కౌంటర్ దగ్గర నేనంటే నేనని తోసుకుంటాం. ఇక్కడ ఎవరిది వాళ్ళే. వెయిటర్ వచ్చి కలిపి ఇవ్వాలా, వేరువేరుగానా అని అడుగుతాడు. నువ్వు సూప్ ఒక్కటే తీసుకుంటే సూప్ డబ్బులే కడతావు, ఎవరూ వింతగా చూడరు. టిప్పు అయిదు నుంచి పది శాతం మధ్య చాలు. చిల్లర బల్ల మీద వదలకుండా, డబ్బిచ్చేటప్పుడే మొత్తం ఎంత తీసుకోవాలో చెప్పెయ్యి. నాకు ఈ సంగతి తెలియక, పదిమంది బిల్లు నా నెత్తిన పడుతుందేమోనని ఎన్నో పిలుపులు వదులుకున్నాను. ముందే ఒకరినడిగితే సరిపోయేది.

నీళ్ళ విషయంలో జాగ్రత్త. హోటల్లో ఊరికే ‘నీళ్ళు’ అంటే మినరల్ వాటర్ సీసా తెచ్చి పెడతారు, చాలాసార్లు గ్యాసుది. కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలన్న నియమం ఇక్కడ లేదు. ఇంట్లో మాత్రం కుళాయి నీళ్ళే తాగు, శుభ్రమైనవి. ఆర్వో ఫిల్టర్ ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్ళని, సూపర్‌మార్కెట్ నుంచి నీళ్ళ సీసాలు మోసుకొచ్చేవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నాను, పాపం.

మందు తాగను అన్నావు. దానికి మొహమాటం ఎందుకు? ఆప్ఫెల్‌షోర్లె అడుగు. ఆపిల్ జ్యూసులో సోడా కలిపినది, ఏ హోటల్లోనైనా ఉంటుంది. ఇక్కడ హోటళ్ళ చట్టంలోనే ఒక నియమం ఉంది. మద్యం అమ్మేచోట, అన్నిటికన్నా చవకైన మద్యం ధరని మించకుండా మద్యం లేని డ్రింకు కనీసం ఒకటైనా అమ్మాలి. ఆల్కహాల్ లేని బీరు కూడా ఎక్కడైనా దొరుకుతుంది. గ్లాసులో ఏముందని ఎవరూ తొంగి చూడరు. నీ కుర్చీ ఖాళీగా ఉందా లేదా అన్నదే గమనిస్తారు.

మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో ఉంటే, లేదా ఎండాకాలంలో అటు వెళ్తే, బీర్‌గార్టెన్ మాత్రం వదలకు, ఆరుబయట బీరు అమ్మే తోట అది. నా దృష్టిలో తక్కువ ఖర్చుతో గొప్పగా గడిపే సాయంత్రం ఈ దేశంలో ఇంకోటి లేదు. పెద్ద పెద్ద చెస్ట్‌నట్ చెట్ల కింద బల్లలు, ముక్కూమొహం తెలియనివాళ్ళు పక్కపక్కనే కూర్చుంటారు. డ్రింకు అక్కడే కొనాలి, తిండి మాత్రం ఇంటినుంచి తెచ్చుకోవచ్చు. 1812లో బవేరియా రాజు మాక్సిమిలియన్ జోసెఫ్, బీరు తయారుచేసేవాళ్ళు తమ సెల్లార్ల దగ్గరే బీరు అమ్ముకోవడానికి ఒప్పుకుని, రొట్టె తప్ప వేరే తిండి అమ్మకూడదన్నాడు. దాంతో జనం తమ తిండి తామే మూటకట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ అలవాటు నేటికీ ఉంది. బట్ట పరిచిన బల్లలు వెయిటర్లు వడ్డించేవి, అక్కడ కూర్చోకు. బట్ట లేని బల్ల చూసుకో. మ్యూనిక్‌లో హిర్ష్‌గార్టెన్ అనే బీర్‌గార్టెన్‌లో 8,000 మంది దాకా పడతారు. మేం అక్కడికి పులిహోర, ఉల్లిపాయ పకోడీ తీసుకెళ్ళేవాళ్ళం. పక్క బల్లవాళ్ళు ముల్లంగి చక్రాలు కోసి ఉప్పు చల్లుకుని తింటూ మా డబ్బాకేసి చూసేవాళ్ళు. చెయ్యి జాపి ఒక పకోడీ ఇస్తే చాలు, ఆ సాయంత్రం ఒంటరితనం అన్న మాటే ఉండదు. బవేరియా బయట ఈ పద్ధతి అన్నిచోట్లా ఉండదు, అడిగి కూర్చో.

ఇంటి వంట దగ్గరికి వద్దాం. వండుకోవడం మానమని నేను చెప్పను, అదే నిన్ను నిలబెడుతుంది. కానీ కొత్తగా వచ్చిన మనవాళ్ళంతా ప్రతి వస్తువూ ఇండియన్ షాపులోనే కొని డబ్బు తగలేస్తారు. అక్కడ కొనాల్సినవి కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, ఇంగువ, కరివేపాకు లాంటివి మాత్రమే. ఎర్ర కందిపప్పు, అంటే మసూర్, ఆల్డీ, లిడ్ల్ లాంటి మామూలు షాపుల్లోనే దొరుకుతుంది. నెయ్యి కావాలంటే బుట్టర్‌ష్మాల్ట్స్ అని డబ్బాలో ఉంటుంది, కాచిన వెన్నే అది. ఎలాగూ ఇండియా నుంచి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తేవడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు, వివరాలు కస్టమ్స్ సైట్‌లో చూసుకో. కొత్తిమీర, పుదీనా, వంకాయలు, బెండకాయలకి టర్కీ వాళ్ళ షాపుకి వెళ్ళు. సూపర్‌మార్కెట్లో ప్లాస్టిక్ కవర్లో నాలుగు రెమ్మలకి పెట్టే డబ్బుకి అక్కడ పెద్ద కట్ట వస్తుంది. బెర్లిన్‌లో అయితే మంగళ, శుక్రవారాలు మైబాహుఫర్ కాలవ ఒడ్డున టర్కీ సంత జరుగుతుంది. సంత ముగిసే వేళకి వెళ్తే ధర తగ్గించి ఇస్తారు. ఇంకొకరిని వెంటబెట్టుకుని వెళ్ళు, కూరగాయల పెట్టె సగం సగం పంచుకోవచ్చు, ఒక్కడివే కొంటే సగం కుళ్ళిపోతుంది.

ఆకుకూరలకి మొహం వాచిపోతావు, నాకు తెలుసు. గోంగూర కోసం ఏడవకు. సావర్‌ఆంప్ఫర్ అని ఒక పుల్లటి ఆకుకూర వసంతంలో వస్తుంది. అది, మన చుక్కకూర, రెండూ రూమెక్స్ ప్రజాతి మొక్కలే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో గ్రూనె జోసె అని చల్లటి పచ్చ సాస్ చేస్తారు, దానికోసం ఏడు రకాల ఆకులు కాగితంలో చుట్టి అమ్ముతారు, అందులో ఇదీ ఉంటుంది. విడిగా దొరికితే మాత్రం ఆ రోజు పప్పులోకి ఇంకేదీ వద్దు.

రుబార్బ్ సంగతి ఇంకా ముఖ్యం. ఏప్రిల్ నుంచి జూన్ 24 దాకా వచ్చే ఎర్రటి, పొడుగాటి కాడలు. ఇక్కడివాళ్ళు పంచదార పోసి కేకుల్లోకి, జాముల్లోకి వాడతారు. మా కింది ఫ్లోర్‌లో ఉండే పెద్దావిడ తన తోటలో కోసిన కట్ట ఒకటి మెట్ల దగ్గర నా చేతికిచ్చింది. చిన్న ముక్క కొరికి చూస్తే అచ్చం పుల్లమామిడే. కందిపప్పు ముందు మెత్తగా ఉడికించుకో. కాడల మీది నార తీసి అంగుళం ముక్కలు కోసి, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పుతో ఆ పప్పులో వేస్తే అయిదారు నిమిషాల్లో కరిగిపోతాయి. కుక్కర్లో మొదటే కలిపి పెట్టకు, పులుపుకి పప్పు ఉడకదు. ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ పోపు. ఆకులు మాత్రం పారెయ్యి, వాటిలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, విషం. ఆ పప్పు అన్నంలో కలిపి గిన్నెడు ఆవిడకిచ్చాను. ఆ ఆదివారమే కాఫీకి పిలిచింది, తర్వాత ప్రతి ఆదివారమూ. నాకు జర్మన్ భాష కోర్సులో కన్నా ఆవిడ వంటింట్లోనే ఎక్కువ వచ్చింది.

సీసాల డబ్బు వదులుకోకు. ఒక్కసారి వాడే ప్లాస్టిక్ సీసాలు, డ్రింకు డబ్బాల మీద 25 సెంట్లు, మామూలు బీరు సీసా మీద 8 సెంట్లు ఫాండ్ అని, అంటే డిపాజిట్టుగా ముందే కట్టించుకుంటారు. సూపర్‌మార్కెట్లో ఉండే మెషీన్‌లోకి ఒక్కొక్కటీ తోస్తే చీటీ వస్తుంది, దాన్ని కౌంటర్లో ఇస్తే డబ్బిస్తారు. డబ్బాని నలిపేస్తే బార్‌కోడ్ చదవలేక వెనక్కి తోసేస్తుంది. ఆదివారం షాపులు మూతే, పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని, బేకరీలు కొన్ని గంటలు తెరుస్తారు. ఈస్టర్‌కి శుక్రవారం, ఆదివారం, సోమవారం మూడూ పోతాయి, ముందే కొనిపెట్టుకో. టూ గుడ్ టు గో ఆప్‌లో సాయంత్రం బేకరీల్లో మిగిలినవి సంచిలో పెట్టి తక్కువకి ఇస్తారు, ఇద్దరికి సరిపోతుంది. ఫుడ్ డెలివరీ ఆప్‌లు మాత్రం ఫోన్లోంచి తీసెయ్యి. ఫీజుల సంగతి అలా ఉంచు. ఈ కాలం పిల్లలు గదిలోకే అన్నీ తెప్పించుకుని, గడప దాటకుండా, ఎవరి మొహమూ చూడకుండా వారాలు గడిపేస్తున్నారు. నన్ను భయపెట్టేది అదే.

ఇప్పుడొక పని చెప్తాను, ఈ నెలలోనే చెయ్యి. ఒక శనివారం నీ క్లాసులో నలుగురిని ఇంటికి పిలు. వారం రెండు వారాలు ముందే తేదీ, టైము చెప్పాలి, ఇక్కడ అప్పటికప్పుడు రమ్మంటే కుదరదు. ఆరింటికంటే ఆరింటికే వస్తారు, నువ్వు ఇంకా ఉల్లిపాయలు తరుగుతూ ఉండకు. ‘ఏం తీసుకురావాలి’ అని అడుగుతారు. మనవాళ్ళలా ‘ఏమీ వద్దు’ అనకు. డ్రింకులు ఒకరు, సలాడ్ ఒకరు, తీపి ఒకరు అని పంచెయ్యి. వాళ్ళకి అదే సుఖం, నీ జేబుకీ సుఖం. ఆవకాయ మొదటిరోజే పెట్టకు. ముద్దపప్పు, బంగాళాదుంప వేపుడు, పెరుగన్నం చాలు. కారం అడిగినవాళ్ళకి పక్కన పెట్టు. ఎవరు మాంసం తినరో, ఎవరికి ఏది పడదో ముందే అడిగి తెలుసుకో.

పోపు పెట్టే ముందు కిటికీ తెరిచి వంటగది తలుపు వెయ్యి, లేకపోతే ఎండుమిర్చి పొగకి స్మోక్ అలారం మోగి బిల్డింగ్ అంతా లేస్తుంది. రాత్రి పది దాటాక గొంతులు తగ్గించాలి. ఆ రోజు ఇంటికి మనుషులు వస్తారని పక్కవాళ్ళకి ముందురోజే చెప్పు, వీలైతే వాళ్ళనీ రమ్మను.