గోల్‌కీపర్‌ను ఎంచుకోవడానికి ఎత్తు చూస్తే చాలా?

ఒడిశాలోని రాయగడలో పిల్లల ఫుట్‌బాల్ జట్టుకు కీపర్‌ను ఎంచుకోవాలి, పొడగరి అయితే చాలా అని అడిగారు. చాలదు. గోల్‌పోస్టుల మధ్య వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లే. అంటే ఎత్తుకు మూడింతల వెడల్పు కాయాలి. షాట్ పడకముందే సరైన చోటికి చేరే కాళ్లున్నవాడు కావాలి. గాలిలోకి ఎగిరి ఆపితే చప్పట్లు కొడతాం గానీ, చాలాసార్లు ముందు తప్పు చోట నిలబడినందువల్లే ఆ ఎగరడం.

బంతిని అందించే నేర్పును మనవాళ్లు అసలు పట్టించుకోరు. సహచరుడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో ముట్టకూడదన్న నిబంధన 1992లోనే వచ్చింది. 2025 నుంచి ఎనిమిది సెకన్లకు మించి చేతుల్లో ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ (మైదానం మూల నుంచి బంతిని తన్నే అవకాశం) ఇస్తారు. కాబట్టి ఇద్దరు ఫార్వర్డ్‌లను మీదికి ఉరికించి చూడండి: తల ఎత్తి ఖాళీగా ఉన్నవాడిని వెతుకుతాడా, కళ్లు మూసుకుని బాదేస్తాడా? వానకు బురదైన మైదానంలో పొట్టి పాస్ మధ్యలోనే ఆగిపోతుంది. అక్కడ చేత్తో దూరం విసరగలిగినవాడే నయం.

నాయకత్వమంటే అరుపులు కాదు. కార్నర్‌కు ముందే ఎవరు ఎవరిని కాయాలో పేరు పెట్టి చెప్పాలి. తెలుగు, ఒడియా, కువి (అక్కడి గిరిజనుల భాష) మాట్లాడే పిల్లలు కలిసి ఆడే జట్టయితే పిలుపులు ముందే ఖాయం చేసుకోండి. గోల్ పడ్డాక డిఫెండర్‌పై విరుచుకుపడకుండా అందరినీ మళ్లీ సర్దే కుర్రవాడు దొరికితే, నేనైతే నాలుగు అంగుళాల ఎత్తు తక్కువైనా అతన్నే తీసుకుంటాను.