ఫోన్లో నిలువు, కంప్యూటర్లో అడ్డం: పెళ్లి క్లిప్పులు ఎలా తిప్పాలి?

మీ అన్నయ్య పెళ్లిలో చుట్టాలు తీసిన క్లిప్పులు ఫోన్లో బాగానే ఉన్నాయి, ఎడిటింగ్‌కి కంప్యూటర్లో వేస్తే మాత్రం అందరూ పక్కకి పడుకున్నట్టు కనిపిస్తున్నారు, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి టీవీలో వేయాలి అన్నారు కదా. తిప్పడం చిటికెలో పనేనండి. ముందు క్లిప్పు నిజంగా పక్కకి ఉందో లేదో తేల్చుకోండి.

ఫోన్ని నిలువుగా పట్టుకుని తీసినా చాలా ఫోన్లు బొమ్మను అడ్డంగానే రాసి, ‘90 డిగ్రీలు తిప్పి చూపించు’ అని ఫైల్లో ఒక గుర్తు పెడతాయి. పాత ప్లేయర్లు, కొన్ని టీవీలు, పాత ఎడిటర్లు (వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు) ఆ గుర్తును పట్టించుకోవు. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ 2015లో వచ్చిన 2.2 వెర్షన్ నుంచి పట్టించుకుంటోంది. కాబట్టి కొత్త వీఎల్‌సీలో వేసి చూడండి. నిటారుగా కనిపిస్తే ఫైల్‌కి ఏ రోగమూ లేదు, మీ ఎడిటరే పాతది.

అక్కడా పక్కకే ఉంటే గుర్తే తప్పు పడిందన్నమాట. నిలువా అడ్డమా అన్నది ఫోన్ రికార్డింగ్ మొదలైనప్పుడే ఖాయం చేసుకుంటుంది, మధ్యలో మీరు ఫోన్ తిప్పినా మారదు. నేల వైపు వంచి తీస్తే ఎటు పైనో దానికే తెలియదు. విజయవాడలో మా మేనకోడలి అన్నప్రాశనకి చాప మీద పాపని పైనుంచి తీసిన క్లిప్పులు ఇలాగే వచ్చాయి. 2016 పుష్కరాల్లో పద్మావతి ఘాట్ మెట్ల మీద నిలబడి మా బాబాయి నీళ్ల వైపు తీసినవీ ఇదే బాపతు. (ఆయన ఇప్పటికీ ఫోన్ మంచిది కాదంటారు.)

ఇక తిప్పడం. విండోస్ పాత ఎడిటర్ మూవీ మేకర్‌ని మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో ఆపేసింది. మీ సిస్టమ్‌లో ఇంకా ఉంటే హోమ్ ట్యాబ్‌లోనే రొటేట్ లెఫ్ట్, రొటేట్ రైట్ బటన్లు ఉంటాయి. విండోస్ 11 అయితే దాంతోపాటే వచ్చే ఎడిటర్ క్లిప్‌చాంప్‌లో క్లిప్పుని టైమ్‌లైన్ (క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ) మీద పెట్టి నొక్కితే ప్రివ్యూ దగ్గర రొటేట్ గుర్తు వస్తుంది. ఓపెన్‌షాట్ అనే ఎడిటర్ ఉచితం, అందులో క్లిప్పు మీద రైట్ క్లిక్ చేస్తే రొటేట్ ఉంటుంది. మ్యాక్‌లో క్విక్‌టైమ్ ఎడిట్ మెనూ చాలు. వీఎల్‌సీ ఎఫెక్ట్స్‌లో తిప్పి పని అయిపోయిందనుకుంటారు చాలామంది. అది చూసేటప్పుడు తిరగడమే, ఫైల్ మారదు.

అసలు తలనొప్పి తిప్పిన తర్వాతే. ఫుల్ హెచ్‌డీ టీవీ బొమ్మ 1920 పిక్సెళ్లు (చుక్కలు) అడ్డం, 1080 నిలువు. నిలువు క్లిప్పు అందులో పూర్తిగా పట్టాలంటే సుమారు 608 వెడల్పే వస్తుంది, రెండు పక్కలా నలుపు. తెర నిండాలని జూమ్ చేస్తే మూడింట ఒక వంతు బొమ్మే మిగులుతుంది. తాళి కట్టే ఘట్టంలో చేతులు ఉంటాయి, మొహాలు పోతాయి. కొందరు పక్కల్లో మసక బొమ్మ నింపుతారు. నాకైతే అది కళ్లు లాగేస్తుంది, దానికన్నా నలుపే నయం.

ఇంకో పద్ధతి ఉంది, మా ఇంట్లో అందరికీ నచ్చింది. 608 చొప్పున మూడు నిలువు క్లిప్పులు పక్కపక్కనే పట్టేస్తాయి. జీలకర్ర-బెల్లం పెట్టేటప్పుడు పిన్ని ఒక పక్కనుంచి, బావగారు ఇంకో పక్కనుంచి, స్నేహితులెవరో ఎదురుగా తీసి ఉంటారు. మూడూ ఒకేసారి నడిపి, మేళం దెబ్బను బట్టి కలుపుకోండి. శబ్దం మాత్రం ఒక్క క్లిప్పుదే ఉంచి మిగతావి మ్యూట్ చేయండి, లేకపోతే సన్నాయి మూడుసార్లు మోగుతుంది.

క్లిప్పులు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. ఒక్కో క్లిప్పునీ విడిగా తిప్పి సేవ్ చేసుకుంటూ పోవద్దు, సేవ్ చేసిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది. అన్నీ టైమ్‌లైన్ మీదే తిప్పి చివర్లో ఒక్కసారి ఎక్స్‌పోర్ట్ చేయండి (అంటే మొత్తాన్ని ఒకే వీడియో ఫైల్‌గా తీయండి). అలా చేస్తే బొమ్మే నిటారుగా రాసుకుంటుంది, ఇక టీవీ గుర్తు చదివినా చదవకపోయినా ఫర్వాలేదు. టీవీ పాతదైతే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎంపీ4 ఫైల్లో హెచ్.264 (వీడియోని కుదించే పద్ధతి) ఎంచుకోండి. ముందు ఒక్క నిమిషం ముక్క తీసి అదే టీవీలో వేసి చూస్తే ఫంక్షన్ రోజు టెన్షన్ ఉండదు.