దేవమాలి మీద టెంట్ వేయాలా, కిందే వేసుకోవాలా?

మీరు అడిగింది ఇది: విజయనగరం నుంచి నలుగురు మిత్రులు, రెండు హిమాలయన్ బైకులు, ఒక పల్సర్. రెండు రాత్రులు టెంట్‌లో ఉండి, పగలు మట్టిదారుల్లో బండి నడపాలి. ఒడిశా కోరాపుట్ జిల్లాలోని దేవమాలి శిఖరం మీదే మకాం పెట్టొచ్చా, దగ్గర్లోని పుట్‌సిల్ ఊరు నయమా?

నేను పెరిగింది అదే జిల్లాలోని సునాబెడలో, మాకు ఈ కొండలు ఆదివారం తిరుగుడు. నా మాట ఒక్కటే: శిఖరం చూడటానికి వెళ్లండి, పడుకోవడానికి కిందికి రండి.

దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో ఇదే ఎత్తైన కొండ. పైన అంతా పచ్చిక, గాలి ఆపడానికి చెట్టన్నదే లేదు. ఫోటోల్లో అదే అందం, రాత్రి అదే తంటా. కోరాపుట్ పీఠభూమి సుమారు 900 మీటర్లు ఉంటుంది కాబట్టి, కింద ఉన్న చలికి పైన ఇంకో నాలుగైదు డిగ్రీలు తగ్గుతాయని లెక్కేసుకోండి. దానికి గాలి తోడు. ఒకసారి మాతో వచ్చినవాళ్ల టెంట్ పోల్ అర్ధరాత్రి విరిగింది, మిగతా రాత్రంతా నలుగురూ ఒకే టెంట్‌లో ఒకరి మీద ఒకరు. ఇక ఉరుములు మొదలైతే ఆ బోడి కొండ మీద అన్నిటికన్నా ఎత్తుగా ఉండేది మీరూ మీ టెంట్ పోలే. మేఘం కమ్ముతుంటే ఆలోచించకుండా దిగిపోండి. పైగా పైకి రోడ్డు పడ్డాక సెలవు రోజుల్లో కార్ల రద్దీ, పాటల మోత. ప్రశాంతత కోసమైతే అక్కడికి వెళ్లక్కర్లేదు.

ఇంతకన్నా పెద్ద విషయం నీళ్లు. ఈ చుట్టుపక్కల చాలా కొండలకు నెత్తిన బాక్సైట్ పొర ఉంటుంది. అది గుల్లగా ఉండటంతో వాన నీరు నిలవకుండా లోపలికి ఇంకి, కింద బంకమట్టి పొర తగిలాక కొండ పక్కల్లోంచి ఊటగా బయటికొస్తుంది. అందుకే పైన ఎండిపోయి ఉన్నా, నడుం దగ్గర వాగు వేసవిలోనూ పారుతుంటుంది. ఊళ్లు కూడా అక్కడే ఉంటాయి చూడండి. మీ మకాం కూడా అలాంటి చోటే, వాగుకు కాస్త ఎడంగా, గట్టు మీద. వాగు ఒడ్డునే వద్దు. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ చుక్క పడకుండానే నీరు పెరుగుతుంది. దోమల బాధ కూడా ఒడ్డునే ఎక్కువ. కోరాపుట్ మలేరియాకు పేరున్న జిల్లా, దోమతెర లేని టెంట్ తేవద్దు. తిరిగెళ్లాక జ్వరం వస్తే డాక్టరుకు ఇటు వచ్చిన సంగతి చెప్పాలి.

రైడింగ్‌కు కూడా కింద ఉండటమే లాభం. శిఖరానికి వెళ్లేది ఇప్పుడు మామూలు రోడ్డే, అసలు మజా సెమిలిగూడ, పొట్టంగి వైపు ఊళ్ల మధ్య మట్టిదారుల్లో ఉంది. టెంట్లు, గిన్నెలు మకాంలో దింపేసి ఖాళీ బండి మీద తిరగొచ్చు. వెనక బరువు కట్టుకుని రాళ్ల ఎక్కుడు ఎక్కితే ముందు చక్రం తేలిపోతుంది. పల్సర్ నడిపేవారు రాళ్ల దారి తగ్గించుకోండి, ఇంజిన్ అడుగు రాయికి తగులుతుంది. టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే పట్టు బాగుంటుంది గానీ, మరీ దించితే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పంక్చర్ అవుతుంది. నేను 22 పీఎస్‌ఐ కంటే దిగను, చేతిపంపు వెంట ఉంటుంది. దిగుడులో ఒకటో రెండో గేరులో ఇంజిన్ మీదే దింపండి, గులకరాళ్ల మీద ముందు బ్రేకు గట్టిగా పట్టారో పడ్డట్టే. వాన పడిన ఎర్రమట్టి సబ్బులా జారుతుంది, అప్పుడు టైరు ఏదైనా ఒకటే. అందుకే జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ దారులు నేను ఎవరికీ చెప్పను.

నవంబరులో వస్తే వాలుల మీద పసుపుపచ్చని వలిసె పూలు కనిపిస్తాయి. అది అడవి పువ్వు కాదు, నూనెగింజల పంట. ఫోటో కోసం బండి అందులోకి దింపేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. చోళ్ల (రాగుల) చేలదీ అదే సంగతి. కాలిబాట చేనులోకి మళ్లిందంటే బండి ఆపేయడమే.

టెంట్ వేసే ముందు ఊరి పెద్దను అడగండి. పరజా, కోంధ్ గిరిజనుల ఊళ్లలో హిందీ అందరికీ రాకపోవచ్చు, ఒడియా లేదా ఇక్కడి యాస దేశియా మాట్లాడేవాళ్లు ఒకరు తోడుంటే పని సులువు. ఏ రాయి, ఏ చెట్టు దేవతదో వాళ్లే చెబుతారు. అడవి శాఖ భూమి అయితే వాళ్ల అనుమతి వేరే. మీలో ఎవరికైనా బయట పడుకోవడం కొత్త అయితే పుట్‌సిల్ మంచిది. అక్కడ చలికాలంలో ఒడిశా టూరిజం వాళ్ల ఎకో రిట్రీట్ టెంట్లు పెట్టారు, మంచం, భోజనం దొరుకుతాయి. ఈ ఏడు ఉందో లేదో వాళ్ల సైట్‌లో చూసుకోండి. ధర మాత్రం మీరనుకునే క్యాంపింగ్ ధర కాదు.

పెట్రోలు, కూరలు సెమిలిగూడలోనే నింపుకోండి. శుక్రవారం అయితే కుండులి సంతలో కూరలు తాజాగా ఉంటాయి. సాలూరు దాటాక సుంకి ఘాట్ పగలే ఎక్కేయండి, రాత్రి లారీల వెనక ఆ మలుపుల్లో టెన్షన్ ఎందుకు. సరిహద్దులో గంజాయి కోసం బైకులు ఆపి బ్యాగులు విప్పిస్తారు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ పైజేబులో పెట్టుకుని, అడిగితే విప్పి చూపించండి, పది నిమిషాల పని.