బరంపురంలో అద్దె కోసం పాత ఇల్లు కొంటున్నారా? ముందు డాబా ఎక్కి చూడండి

ఒడిశాలోని బరంపురంలో మెడికల్ కాలేజీ దగ్గర రెండు పోర్షన్ల పాత ఇల్లు 45 లక్షలకు వస్తోందనీ, నెలకు 14 వేలు అద్దె వస్తుందని బ్రోకరు చెప్పాడనీ, మొదటిసారి కొంటున్నారు కాబట్టి ఏమేం చూసుకోవాలనీ మీరు అడిగారు. మా ఇల్లు ఆ చుట్టుపక్కలే. మొదట్లో అమ్మ పోర్షన్లు అద్దెకిస్తూ ఉండేది, ఇప్పుడు ఆ పనంతా నేనే చూసుకుంటున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. నెలకు 14 వేలంటే ఏడాదికి 1,68,000. 45 లక్షల మీద అది నాలుగు శాతం కూడా రాదు. మధ్యలో రెండు నెలలు ఖాళీగా ఉంటే 1,40,000, అంటే మూడు శాతం చిల్లర. కార్పొరేషన్‌కి కట్టే హోల్డింగ్ ట్యాక్స్ (ఇంటి పన్ను), గోడలకు సున్నం, ప్లంబరు ఖర్చు అన్నీ అందులోంచే పోవాలి. ఇంటి లోను వడ్డీ దానికి రెండింతల పైనే ఉంటుంది. అద్దె డబ్బుతోనే ఈఎంఐ కట్టేయొచ్చని అనుకుంటుంటే మాత్రం ఈ ఇల్లు కొనకండి. చేతిలో డబ్బుంటే, ఆ స్థలం రేపు ధర పలుకుతుందన్న నమ్మకం ఉంటే కొనండి.

బ్రోకర్లు ఖాళీగా ఉండే నెలల సంగతి ఎత్తరు. నాకు తెలిసి, ఇళ్లు ఖాళీగా ఉండటానికి ముఖ్యమైన కారణం ఒకటే: ఓనర్లు రిపేర్లు చేయించరు. మా ఊళ్లో అద్దెకు దిగేవాళ్లకు కొరత లేదు. ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది, భంజ విహార్‌లో యూనివర్సిటీ ఉంది, 2016లో ఐసర్ అనే కేంద్ర సైన్సు విద్యాసంస్థ కూడా వచ్చింది. ఇన్ని ఉన్నా మా వీధిలోనే నెలల తరబడి టు-లెట్ బోర్డు తియ్యని ఇళ్లున్నాయి. లోపలికి వెళ్లి చూస్తే బాత్రూం కుళాయి కారుతూ ఉంటుంది, గోడలు చెమ్మెక్కి ఉంటాయి, స్విచ్ బోర్డు ఊడి వేలాడుతూ ఉంటుంది. ఓనరు మాత్రం, "మీరు దిగండి, వచ్చే నెల చేయిస్తాం," అంటాడు.

మా ఇంటి సంగతి చెబుతాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వీచింది. అప్పుడు దసరా రోజులు, ఊరంతా దుర్గమ్మ పందిళ్లు. మా మేడ మీద రేకుల పోర్షన్‌లో జయపురం నుంచి వచ్చిన ఒక స్టాఫ్ నర్సు, ఆవిడ భర్త, చిన్నపిల్ల అద్దెకుండేవారు. ఆ పొద్దున్నే అమ్మ పైకెళ్లి, పరుపులు, గ్యాస్ స్టవ్, పిల్ల పాలడబ్బాతో సహా వాళ్లను కిందికి తీసుకొచ్చేసింది. "ఎందుకు మావుసీ (పిన్నీ), మీకు ఇబ్బంది," అని ఆవిడ మొహమాటపడుతుంటే, "రేకుల కింద పసిపిల్లనెలా ఉంచుతావే, పద," అని కసిరింది.

చీకటి పడ్డాక గాలి ముదిరింది. పైన రేకులు ఒక్కొక్కటే లేచిపోతున్న చప్పుడు మేమంతా కింద హాల్లో కూర్చుని విన్నాం. నీళ్ల ట్యాంకు డాబా మీద ఆ చివర నుంచి ఈ చివరకు దొర్లి, పిట్టగోడ పగలగొట్టుకుని పక్కింటి సందులో పడింది. తెల్లారి చూస్తే వీధిలో కరెంటు స్తంభాలన్నీ ఒరిగిపోయాయి. చాలా రోజులు కరెంటు రాలేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్లు లేవు. పెరట్లో ఎప్పుడో పలక మూసేసిన నుయ్యి ఉంటే నాన్న మనుషులను పెట్టి తెరిపించారు. వీధిలో సగం మంది అక్కడే తోడుకున్నారు. నర్సు గారు ఆ పరిస్థితిలోనూ డ్యూటీకి వెళ్లాల్సి వచ్చేది. పిల్లను మా అమ్మ చూసుకునేది.

తర్వాత రేకుల కోసం వెతుకులాట మొదలైంది. ఊరంతటికీ ఒకేసారి అవసరం వచ్చింది కాబట్టి ఎక్కడా దొరకలేదు, దొరికిన చోట చెప్పిందే ధర. శ్రీకాకుళంలో ఉన్న మా మావయ్య రేకులు, బోల్టులు, కొత్త ట్యాంకు వ్యాన్‌లో వేయించి పంపారు. పై పోర్షన్ తయారయ్యేదాకా వాళ్లు మాతోనే కింద ఉన్నారు. అన్నాళ్లూ అద్దె తీసుకోలేదు. వీధిలో ఒకాయన, "మీరిలా వదిలేస్తే మా వాళ్లూ అడుగుతారండీ," అని మా నాన్నతో గొడవపడ్డాడు. "కప్పు లేని ఇంటికి అద్దె ఏమిటి?" అంది అమ్మ, అంతే.

అమ్మకు చట్టం తెలియదు కానీ చట్టం కూడా ఇంచుమించు ఆ మాటే అంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చదవండి. ఒప్పందంలో వేరేలా రాసుకోకపోతే, తుఫానుకో వరదకో ఇంట్లో ముఖ్యమైన భాగం పూర్తిగా పాడై పనికిరాకుండా పోయినప్పుడు అద్దె ఒప్పందం రద్దు చేసుకునే హక్కు అద్దెకున్నవాళ్లకు ఉంటుంది. ఓనరు చేయించాల్సిన రిపేరును చెప్పినా చేయించకుండా కూర్చుంటే, వాళ్లే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ఈ సంగతి తెలిసిన ఓనర్లు మా వీధిలో ఒక్కరూ లేరని గట్టిగా చెప్పగలను.

ఆ నర్సు గారు బదిలీ అయ్యేదాకా మా ఇంట్లోనే ఉన్నారు. వెళ్తూ వెళ్తూ తన వార్డులోనే పనిచేసే ఇంకొకావిడను దింపి వెళ్లారు. ఆవిడ తర్వాత మరొకరు వచ్చారు. ఆ తుఫాను తర్వాత మా ఇంటికి టు-లెట్ బోర్డు పెట్టాల్సిన అవసరం రాలేదు. మీ పక్కన ఉన్నవాళ్లకంటే మీ అద్దె ఐదొందలు తక్కువైనా ఫరవాలేదు, ఒక్క నెల ఖాళీ పడితే పోయే డబ్బు అంతకంటే ఎక్కువ.

నర్సుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. నైట్ డ్యూటీ చేసే ఆడపిల్లలకు ఇల్లివ్వం, బ్యాచిలర్లకు ఇవ్వం, చేపలు వండితే ఇవ్వం అని బోర్డుల మీదే రాసి పెడుతున్నారు. ఆస్పత్రి పక్కన ఇల్లు పెట్టుకుని నైట్ డ్యూటీ వాళ్లు వద్దనడం నాకు చాలా బాధగా ఉంటుంది. రాత్రంతా రోగుల దగ్గర నిలబడి వచ్చిన పిల్లను గేటు దగ్గర ఆరా తీసే ఓనర్లున్నారు. మీరు మాత్రం అలా చేయకండి.

డబ్బు విషయంలో నేను పాటించే పద్ధతి ఒకటుంది. ఆదాయపు పన్ను లెక్కలో అద్దెలోంచి మున్సిపల్ పన్ను తీసేశాక, మిగిలినదాంట్లో 30 శాతం బిల్లులేవీ అడగకుండానే మినహాయిస్తారు. ఇల్లు అద్దెకిస్తే ఖర్చులుంటాయని ప్రభుత్వమే ఒప్పుకుంటున్నప్పుడు, ఆ డబ్బు మొత్తం మనదే అనుకోవడం ఎందుకు? నేను అద్దెలో కొంత ప్రతి నెలా వేరే ఖాతాలో వేస్తాను. మే నెలలో మోటారు కాలిపోతే మెకానిక్‌కి వెంటనే ఫోన్ చేయడానికి అదే ధైర్యం.

ఒప్పందం అందరూ 11 నెలలకే రాసుకుంటారు. ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి కాబట్టి అలా రాస్తారు. కానీ ఊరికే స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టించి వదిలేయకండి. ఏ రిపేరు ఎవరిదో, ఇల్లు వదిలేటప్పుడు సున్నం ఖర్చు ఎవరిదో అందులో రాయండి. మన తెలుగువాళ్లలో ఒడియా గలగలా మాట్లాడుతూ చదవడం రానివాళ్లు చాలామంది ఉన్నారు. కాగితం ఇద్దరూ చదవగలిగే భాషలో ఉండాలి. ప్రతి పోర్షన్‌కీ వేరే కరెంటు మీటరు ఉండాలి, లేకపోతే నెల నెలా తగువే.

కొనే ముందు ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో పట్టా తీసి, అమ్మేవాళ్ల పేరే ఉందా, నేల రకం ఘరబారి (ఇంటి స్థలం) అని ఉందా చూడండి. సాగుభూమి అని ఉంటే మార్పిడి అయిందో లేదో తహసీల్దారు ఆఫీసులో తేల్చుకోవాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పిడి కూడా చేయించుకోండి. బరంపురం ధరలు చూసి రాయగడ, కోరాపుట్ వైపు వెళ్దామనుకుంటే ఇంకా జాగ్రత్త. ఆ జిల్లాలు షెడ్యూల్డ్ ప్రాంతాలు. ఆదివాసీల భూమి ఇతరులు కొనడం 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం చెల్లదు, బ్రోకరు ఏం చెప్పినా సరే.

ఆ తర్వాత ఇల్లు చూడండి, అదీ వాన పడిన మర్నాడు. డాబా ఎక్కి నీళ్లెక్కడ నిలిచాయో, పిట్టగోడ ఎక్కడ బీటలు వారిందో, ట్యాంకు కింద దిమ్మె గట్టిగా ఉందో లేదో చూడండి. రేకుల గది ఉంటే బోల్టులు తుప్పు పట్టాయేమో చూడండి, సముద్రపు గాలి మా ఊళ్లో ఇనుమును త్వరగా తినేస్తుంది. అడ్వాన్సు ఇవ్వకముందే, ఓనరూ బ్రోకరూ పక్కన లేనప్పుడు, ఇప్పుడు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లతో మాట్లాడండి. కిందటిసారి మోటారు చెడిపోతే ఎన్నాళ్లకు బాగుచేయించారని అడగండి. వాళ్లు చెప్పే జవాబును బట్టి 45 లక్షల్లో ఎంత తగ్గించమని అడగాలో మీకే తెలుస్తుంది.